అలిగిన పిల్లల సాక్ష్యం

నోటీసులో మొత్తం పదకొండు పేరాలున్నాయి. మొదటి పదింటిలో విత్తనాల కంపెనీ తన గొప్పను తానే చాటుకుంది. పదకొండోది సూటిగా నారు పెద్దమ్మ పీక మీదికి వచ్చింది.

షెడ్డులో, కుళాయి పక్కన ఎత్తు పీట మీద కూర్చుని కోడలు దాన్ని పైకి చదివింది. ఆ టమాటా రకాన్ని తమ ప్రయోగశాలలో, తమ సొంత తల్లిమొక్కల నుంచి తామే రూపొందించామని కంపెనీ అంటోంది. దానిపై హక్కుల నమోదుకు దరఖాస్తు చేసింది. ఈలోగా అదే రకం నారును పెంచి అమ్ముతున్న ఈ మహిళ నలభై అయిదు రోజుల్లో అమ్మకం ఆపాలి, షెడ్డులో ఉన్న నారంతా పెరికివేయాలి, దాచిన విత్తనాన్ని చివరి గింజతో సహా అప్పగించాలి.

పెద్దమ్మ చేతులు మోచేతుల దాకా తడిమట్టిలో ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున్న ఆరింటికి ఆ చేతులు ఉండే చోటు అదే. నారు పోయడం, నారు అమ్మడం ఆమె బతుకు. అందుకే బంధువులు కానివాళ్లు కూడా ఆమెను నారు పెద్దమ్మ అనే పిలుస్తారు.

“ఆ తల్లిమొక్కల సంగతి మళ్ళీ చదువు, అమ్మాయ్.”

“దరఖాస్తు నాలుగో పేరా అని చెప్పి ఇలా వేశారు: ‘తల్లిమొక్కలు రెండూ ఎనిమిది తరాలుగా స్వచ్ఛమైనవి. రెండింటి కాడా ముదురు ఊదా రంగు. ఈ వంశంలో ఏనాడూ మరో రంగు కాడ కనిపించలేదు.’ ఇదీ, అత్తయ్యా.”

“ఫొటో వేశారా?”

కోడలు కాగితం తిప్పి చూపించింది. పండు కొసన చిన్న ముక్కు, భుజాల మీద పసుపు చార. పెద్దమ్మ ఆ బొమ్మను తప్పిపోయి దొరికిన బిడ్డను చూసినట్టు చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

“మా ముక్కే. పెట్టుకున్న పేరు మార్చారుగానీ ముక్కు మార్చలేకపోయారు. ఏనాడూ కనిపించలేదన్నారు గదా? అయితే దొరికారు.”

ఆ నవ్వు అర్థం కావాలంటే ఆమె పనితీరు తెలియాలి. ఈ టమాటా ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది. దాని మొలకల్లో ప్రతి నాలుగింటిలో మూడు ఊదా కాడతో నిటారుగా లేస్తాయి. నాలుగోది పచ్చటి కాడతో, పాలిపోయిన మొహంతో, ఎవరో ఏదో అన్నట్టు ఓ పక్కకు తల వాల్చి కూర్చుంటుంది. అత్తగారు దానికి పెట్టిన పేరు అలిగిన పిల్ల. మరో నర్సరీలో అయితే దాన్ని జబ్బు మొక్క అని పెరికి పారేసేవారు. అత్తగారు పెరకనివ్వలేదు. “అలిగింది ఆలస్యంగా తింటుంది, ఆలస్యంగా పెడుతుంది” అనేది. నిజంగానే ఊదా కాడవి కాసి అలిసిపోయాక అలిగినవి మొదలుపెడతాయి. ఒకే మడిలో రెండు విడతల కాపు.

ఈ రెండింటినీ కలిపి ఉంచడానికి ఒక పద్ధతి ఉంది. ఏటా, పిల్లల్లో ఒక్కటీ అలగని ఊదా కాడ మొక్కలను విడిగా పెంచి, వాటిలో మేలైన వాటి పువ్వులకు, అలిగిన పిల్ల పుప్పొడిని పెద్దమ్మ తన చేత్తో అద్దుతుంది. అద్దేది కుంచెతో. ఆ కుంచె ఆమె తమ్ముడిది. దుకాణాలకు బోర్డులు రాసే తమ్ముడు వెంట్రుకలు అరిగిన కుంచెలను అక్కకే ఇస్తాడు. అలా అద్దిన కాయల గింజలు వేస్తే అన్నీ ఊదా కాడలే వస్తాయి, ఒక్కటీ అలగదు. వాటి పిల్లలను వేస్తే మళ్ళీ నాలుగింట ఒకటి అలుగుతుంది. ఒక తరం పాటు అలక లోపల దాక్కుని ఉంటుందన్నమాట. ఈ సంగతి పెద్దమ్మకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆమెకు సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి చదువు రాదు. అందుకే ప్రతి ఏడాది విత్తనం డబ్బా మూత మీద తమ్ముడు ఒక బొమ్మ వేస్తాడు: ముక్కున్న పండు, పక్కన మూడు ఊదా మొలకలు, ఒక పచ్చ మొలక, కింద తేదీ. అలాంటి డబ్బాలు అటక మీద ఇరవై తొమ్మిది ఉన్నాయి.

ఇదే జ్ఞానాన్ని పట్టా ఉన్నవాడు చెబితే పరిశోధన అంటారు. మట్టి చేతుల మనిషి చెబితే అలవాటు అంటారు. ఆ తేడా మీదే కంపెనీ దరఖాస్తు నిలబడి ఉంది.

కోడలు ఈ యుద్ధాన్ని తన నెత్తికి ఎత్తుకోవడానికి మరో కారణం ఉంది. ఆమె బడిలో సైన్సు పాఠాలు చెబుతుంది. పదేళ్ల కిందట ఆమెకు కూతురు పుట్టింది. కళ్ళు తెరిస్తే పిల్లికళ్ళు! తల్లివి నల్లకళ్ళు, తండ్రివి నల్లకళ్ళు. చూడవచ్చిన ఒక బంధువు, వరసకు పెద్దమ్మకు వదిన, ఉయ్యాలలోకి తొంగి చూసి మూతి తిప్పింది.

“తల్లిని చూసి పిల్లను అంటారు. మరి ఈ కళ్ళు ఎవర్ని చూసి వచ్చాయో!”

కోడలి మొహం కత్తి వాటుకు నెత్తురు చుక్క లేనట్టయింది. పెద్దమ్మ వదినను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయింది. కోడలు బిడ్డను ఎత్తుకుని వెనకాలే వెళ్ళింది.

“ఈ ట్రే చూడు వదినా. దీనిలో ప్రతి మొక్కకూ తల్లీ ఊదా కాడే, తండ్రీ ఊదా కాడే. మధ్యలో పచ్చగా కూర్చుంది చూశావా? దాన్ని ఎవరు కన్నారో నువ్వు చెప్పు. చెప్పాక మా కోడల్ని అడుగు.”

“మొక్కకూ మనిషికీ సాపత్యమా?”

“మొక్కకు నోరు లేదు, అదొక్కటే తేడా. లోపల దాచుకోవడంలో ఇద్దరూ ఒకటే. ఇటురా.” గోడ మీది బొమ్మను చూపించింది. తమ్ముడు వేసిన అత్తగారి బొమ్మ. ఆమె ఫొటోలన్నీ నలుపూ తెలుపూ. రంగులో మిగిలినది ఈ బొమ్మ ఒక్కటే. బొమ్మలో ముసలామె పిల్లికళ్ళతో నవ్వుతోంది. “ఈ ఇంట్లో దాక్కుని వచ్చింది ఇది. అమ్మాయి పుట్టింట్లో కూడా ఎక్కడో ఒకటి దాక్కునే ఉంటుంది. రెండు దాగుడుమూతలు కలిస్తే ఒకటి బయటపడింది. ఇక మూతి సరిచేసుకో, గాలికి అలాగే ఉండిపోతుంది.”

ఆ రోజు కోడలు ఏడ్చింది. అవమానానికి కాదు. తను తరగతి గదిలో బోర్డు మీద గీసే గళ్ళను, ఈమె ఇరవై ఏళ్లుగా ట్రేల్లో పెంచుతోందని తెలిసినందుకు.

కాబట్టి నోటీసు వచ్చిన పదకొండో రోజున నమోదు కార్యాలయంలో అభ్యంతర పత్రం దాఖలైంది. కోడలు రాసింది, పెద్దమ్మ సంతకం పెట్టింది. అందులో ఒక ఆరోపణ ఖచ్చితంగా ఉంది: ఏడేళ్ల కిందట కంపెనీ మనిషి ఒకాయన తమ షెడ్డుకు వచ్చి పది ట్రేల నారు కొన్నాడు, కొంటూ, పచ్చకాడ మొలకలన్నీ తన చేత్తో ఏరి పక్కన పెట్టి, “ఇవి జబ్బువి, వీటి బదులు మంచివి ఇవ్వండి” అన్నాడు. వద్దన్నా వినలేదు. పెద్దమ్మకు ఆయన పేరు తెలియదు. బంగారు రంగు కళ్ళజోడు మాత్రం గుర్తుంది.

విచారణ గదిలో ఆ కళ్ళజోడు ఎదురుగా కూర్చుని ఉంది. కంపెనీ ప్రధాన శాస్త్రవేత్త ఆయనే. పెద్దమ్మ తమ్ముడి డొక్కలో మోచేత్తో పొడిచింది.

“దొంగకు తేలు కుట్టినట్టు ఎలా కూర్చున్నాడో చూడు.”

“నెమ్మది అక్కా, ఇది కోర్టులాంటిదే.”

గది చిన్నది. పొడుగాటి బల్ల, ఇనప బీరువా, పాత ఫ్యాను. బల్ల చివర విచారణాధికారిణి. తక్కువ మాటల మనిషి. ఏ కాగితాన్నీ అంకె వేయకుండా పక్కన పెట్టదు. తమ్ముడు ఇరవై తొమ్మిది మూతలను వరసగా పేర్చగానే కంపెనీ వకీలు చేతులు రుద్దుకున్నాడు.

“మేడమ్, కుంచె చేతిలో ఉంటే కాకిని కూడా హంసలా దించుతారు. ఇది సాక్ష్యమా?”

“దించుతాను సార్,” అన్నాడు తమ్ముడు. “హంస అని బోర్డు కూడా రాస్తాను. కానీ కింద తేదీ వేసి మరీ అబద్ధం ఆడను.”

అధికారిణి మూతలను ఒక్కొక్కటే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు నెట్టింది. వేసినది అభ్యంతరదారు తోబుట్టువు. తేదీని ఏ రోజైనా వేయవచ్చు. బలపరిచే మరో ఆధారం లేదు. చట్టప్రకారం అధికారిణి తప్పు చేయలేదు. అదే ఎక్కువ మండించే విషయం. అక్షరం లేనివాడి దస్తావేజును కొట్టివేయడానికి చట్టం తప్పు చేయవలసిన పని లేదు.

కోడలు మూతలను తిరిగి సంచీలో వేయసాగింది. పెద్దమ్మ మాత్రం లేచి నిలబడింది.

“బొమ్మలు వద్దంటే వద్దులే అమ్మా. కంపెనీవాళ్ళు మీకు నమూనాగా ఇచ్చిన విత్తనం సంచీ ఆ బీరువాలోనే ఉందట గదా, సీలేసి? దాన్ని విత్తండి.”

వకీలు నవ్వాడు. “మొక్కలు బోనెక్కి సాక్ష్యం చెబుతాయా, పెద్దమ్మగారూ?”

“బోను ఎందుకు బాబూ, ట్రే చాలు.”

నవ్వు శాస్త్రవేత్తకు కూడా అంటింది. ఆ నవ్వులోనే ఆయన నోరు జారింది. “విత్తండి మేడమ్, మాకేం భయం? అయిదు పంటలు తీశాం. ప్రతి పంటలోనూ తేడాగా ఉన్న ప్రతి మొక్కనూ ఏరి పారేశాం.”

కోడలు కుర్చీలోంచి లేవలేదు, ఎగిరింది. “మేడమ్! దరఖాస్తు నాలుగో పేరా. ‘ఏనాడూ మరో రంగు కాడ కనిపించలేదు.’ కనిపించనివాటిని ఎలా ఏరారు?”

అధికారిణి దరఖాస్తు తెరిచి ఆ పేరా మీద వేలు పెట్టింది.

“అది... మామూలుగా చేసే పని. అన్ని రకాల్లోనూ చేస్తాం,” అన్నాడు శాస్త్రవేత్త, కళ్ళజోడు తుడుచుకుంటూ.

అధికారిణి ఆ రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాయించింది. తర్వాత ఆదేశం ఇచ్చింది: సీలు వేసిన సంచీ నుంచి నాలుగు వందల గింజలు, పక్కనే పెద్దమ్మ విత్తనం నాలుగు వందలు, కార్యాలయం వసారాలో, తాళం వేసిన గాజు బీరువాలో, తొమ్మిదో రోజున లెక్కింపు.

ఇంటికి రాగానే మనవరాలి పెట్టెలోని గుండీలన్నీ నేల మీద పోశారు. కోడలు కాగితం మీద, పెద్దమ్మ గుండీలతో, ఇద్దరూ ఒకే లెక్క.

“ఆయన నా దగ్గర ఊదావే తీసుకున్నాడు. ఆ ఊదావాటిలో మూడింట రెండు లోపల అలకను దాచుకున్నవే,” అని పెద్దమ్మ నల్లగుండీల కింద తెల్లగుండీలు దాచింది. “వాటి పిల్లల్లో బయటపడ్డవి ఏరాడు. దాక్కున్నవాటిని ఎలా ఏరతాడు? వాటి మొహం మీద రాసి ఉండదుగా. అవి మళ్ళీ కంటాయి.”

“ప్రతి పంటకూ దాక్కునేవి సుమారు సగానికి తగ్గుతాయి అత్తయ్యా. కానీ సున్నా కావు. మన దగ్గర కొన్న నారే మొదటి పంట అనుకుంటే, అయిదో పంటలో ముప్పై మూడింటికి రెండు మిగులుతాయి.” కోడలు లెక్క కింద గీత గీసింది. “వాటి పిల్లల్లో నాలుగో వంతు అలుగుతాయి. నాలుగు వందల గింజలకు... ఆరు. ఆరు చుట్టుపక్కల!”

“నానమ్మా, ఒక్కటీ రాకపోతే?” మనవరాలు పిల్లికళ్ళు పెద్దవి చేసి అడిగింది.

పెద్దమ్మ గుండీలను పెట్టెలోకి ఎత్తసాగింది. రాకపోతే ఈ షెడ్డు ఖాళీ. అటక మీది డబ్బాలు కంపెనీ లారీలో. ఆ మాటను మింగి, “వస్తుందే. నువ్వు రాలేదూ?” అంది.

మర్నాడు కోడలు ఆ అంకెను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, మొలక ఒక్కటీ లేవకముందే అధికారిణి చేతికిచ్చింది. అధికారిణి దానికీ ఒక అంకె వేసి సంతకం చేసింది.

అయిదో రోజున మొలకలు లేచాయి. రెండు వైపులవాళ్ళకూ అద్దం బయట నిలబడి చూసే అనుమతి ఉంది. చూసి కంపెనీ వకీలు తెల్లబోయాడు. తమ ట్రేల్లో మొలకలన్నీ పాలిపోయి ఉన్నాయి! తమ్ముడు సంబరం ఆపుకోలేక గంతు వేయబోయాడు. పెద్దమ్మ అతని చొక్కా పట్టి లాగింది.

“ఆగరా. పుట్టిన రోజున పిల్లలంతా ఒకటే రంగు. వెలుతురు తగలనీ.”

ఆరో రోజున ఊదా రంగు దిగడం మొదలైంది. ఏడో రోజుకు కంపెనీ ట్రేలు నాలుగూ ముదురు ఊదా కాడలతో సైనికుల్లా నిలబడ్డాయి. ఇప్పుడు చొక్కా సర్దుకున్నది వకీలు. పెద్దమ్మ ట్రేల్లో అలిగినవి కుప్పలుగా కనిపిస్తున్నాయి; కంపెనీ ట్రేల్లో, అద్దం బయట నుంచి ఎంత చూసినా, ఒక్కటీ లేదు. కోడలు రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. కార్యాలయంలో గుమాస్తాలు కూడా పనికట్టుకుని వసారా మీదుగా నడిచి వెళ్ళసాగారు.

తొమ్మిదో రోజున తాళం తీశారు. అధికారిణి కంపెనీ మొదటి ట్రేను బల్ల మీద పెట్టించి, చిన్న పుల్లతో ఆకులు పక్కకు తొలగిస్తూ వరసవారీగా లెక్కపెట్టసాగింది. మొదటి వరస ఊదా. రెండో వరస ఊదా. మూడో వరసలో పుల్ల ఆగింది. పొడుగు మొలకల నీడలో, పక్కకు తల వాల్చి, పచ్చటి కాడతో, ఎవరో ఏదో అన్నట్టు ఒకటి కూర్చుని ఉంది.

“అలిగింది!” అని అరిచాడు తమ్ముడు. “అలిగింది రా బాబూ!”

“నిశ్శబ్దం,” అంది అధికారిణి. ఆమె పుల్ల కూడా కాస్త వేగంగా కదిలింది.

మొదటి ట్రేలో రెండు. రెండోదానిలో ఏమీ లేవు. మూడోదానిలో నాలుగు. ప్రతి అంకెకూ గుమాస్తాల గుంపు ఒక అడుగు ముందుకు జరిగింది. చివరి ట్రే చివరి వరసలో ఒకటి. మొత్తం ఏడు. పెద్దమ్మ ట్రేల్లో తొంభై ఎనిమిది. అధికారిణి కవరు చించి పైకి చదివింది: “‘ఆరు చుట్టుపక్కల. మూడుకు తగ్గవు, పదికి మించవు. కారణం: మా ఊదా నారు నుంచి అయిదు పంటలు తీసి, కనిపించినవాటిని మాత్రమే ఏరారు.’”

వకీలు అప్పటికే నిలబడ్డాడు. “గాలికి ఎక్కడిదో గింజ కలిసి ఉండవచ్చు మేడమ్. లేదా ప్రకృతిలో ఆకస్మికంగా...”

“మీరే సీలు వేసిన సంచీలో, గాలి, ఏడుసార్లు?” అంది అధికారిణి. ఆ మాటతో ఆగలేదు. కంపెనీ ట్రేల నుంచి ఏడు, పెద్దమ్మ ట్రేల నుంచి ఏడు అలిగిన మొలకలను వేళ్ళతో సహా తీయించి, ఒక్కొక్కదాని కుండీ అడుగున రహస్యంగా గుర్తు వేయించి, అన్నింటినీ కలిపేసింది. “మీవి ఏరండి,” అంది శాస్త్రవేత్తతో.

ఆయన వంగాడు. కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. ఒక కుండీ ఎత్తాడు, దించాడు. ఏడేళ్ల కిందట షెడ్డులో క్షణంలో ఏరి పారేసిన చేయి, ఇప్పుడు పద్నాలుగు కుండీల మీద ఏమీ తేల్చుకోలేక తిరిగింది.

“మీరు దరఖాస్తులో చెప్పిన ఆ రెండు తల్లిమొక్కలకు ఈ మొలక పుడుతుందా?” అధికారిణి అడిగింది. “అవునా, కాదా?”

“మేడమ్, నా కక్షిదారు...” అన్నాడు వకీలు.

“నేను ఆయన్ను అడుగుతున్నాను.”

శాస్త్రవేత్త అలిగిన మొలకను చూశాడు. తర్వాత మొదటిసారిగా పెద్దమ్మ మొహంలోకి చూశాడు. “పుట్టదు,” అన్నాడు.

“విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలవదు నాయనా,” అంది పెద్దమ్మ. “జబ్బువి కావని ఆ రోజే చెప్పాను. విన్నావు కాదు. ఉంచుకుని ఉంటే కనీసం నీకైనా తెలిసేది, నీ దగ్గర ఏముందో.”

మూడు వారాల తర్వాత ఆదేశం వచ్చింది. దరఖాస్తు తిరస్కృతం, తల్లిమొక్కల ప్రకటన అసత్యం, నోటీసు చెల్లదు, అభ్యంతరదారుకు తన విత్తనాన్ని దాచడానికీ, విత్తడానికీ, ఇవ్వడానికీ, అమ్మడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోడలు ఆ నాలుగు క్రియలనూ నాలుగుసార్లు చదివింది. తమ్ముడు ఆమె చేతిలోని కాగితాన్ని లాక్కుని, తనకు నచ్చిన అక్షరాల్లో షెడ్డు తలుపు మీద రాయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ మాత్రం ఆఖరి పేరా దగ్గర ఆగమంది.

“అప్పీలు గడువు ముగిసే వరకు పద్నాలుగు సాక్ష్య వస్తువులను కార్యాలయంలోనే సజీవంగా భద్రపరచాలి. నీరు పోసే బాధ్యత అభ్యంతరదారుది.”

“సాక్ష్యానికి నేను నీళ్ళు పోయాలా?”

“ఆదేశం అత్తయ్యా. తప్పదు.”

రోజు విడిచి రోజు ఆమె చెంబుతో వెళ్ళింది. కుండీలు మొలకలకు చాలలేదు, పెద్దవాటిలోకి మార్చింది. పందిరి కావాలంటే గుమాస్తాలు దస్త్రాలు కట్టే తాడు ఇచ్చారు. అప్పీలు గడువు ముగిసింది. కంపెనీ రాలేదు. కుండీలను తీసుకుపోవచ్చని కబురొచ్చిన రోజున తమ్ముడు బండి తెచ్చాడు. బయట మళ్ళలో ఊదా కాడ మొక్కలన్నీ కాసి వడలిపోయిన కాలం అది. వసారాలో పద్నాలుగూ విరగపూసి ఉన్నాయి. బీరువా పక్కన ఒకదానికి, కొసన ముక్కుతో, మొదటి కాయ ఎర్రబారుతోంది. పెద్దమ్మ కొంగు ముడి విప్పి అరిగిన కుంచె తీసి, అక్కడే నిలబడి, పువ్వు పువ్వు నుంచీ పుప్పొడి సేకరించడం మొదలుపెట్టింది.

“అక్కా, ఇంటికెళ్ళి చేసుకోవచ్చుగా!”

“బండిలో రాలిపోతుందిరా. ఉండు.”

అధికారిణి తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి, కొమ్మ కదలకుండా పట్టుకుంది.